ఉలులు పంపడం లేదు

ఆదివారం మధ్యాహ్నం

మరిదికి,

వదిన ఆశీస్సులు. అంతా క్షేమమని రాయడానికి చెయ్యి రాలేదు. మీ అన్నయ్య పోయిన ఇంట్లో క్షేమం ఏముంటుంది గనక.

నీ ఉత్తరం అందింది. తలుపు చెక్క ఎత్తబోతే మణికట్టు విరిగిందనీ, కట్టు కట్టిన చేత్తోనే గ్లాసు పట్టుకోవడం వచ్చేసిందనీ రాశావు. నవ్వుతాననుకున్నావు కాబోలు. నయమయ్యాక పనికొస్తాయి, మీ అన్నయ్య ఉలులు పంపమన్నావు. చదువుతుంటే ఒళ్ళు మండింది.

ఆ రోజు వడ్రంగి షాపులో ఆయన రంపపు పొట్టు మీద కాలు జారి చతికిలబడ్డారు. అంత మాత్రానికే తుంటి ఎముక విరిగింది. లేవలేనంటుంటే, మేస్త్రికి పొద్దున్నే ఎక్కిందిరోయ్ అని అందరూ పడీపడీ నవ్వారట. నువ్వేమో చంకల కింద చేతులేసి ఇంటిదాకా నడిపించుకొచ్చావు. అన్నయ్యకి ఇది మామూలే వదినా, నిమ్మకాయ నీళ్ళిస్తే దిగిపోతుందన్నావు. నొప్పికి ఆయన చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. నీకది కనిపించనే లేదు.

విరిగిన కాలితో ఎవరు నడిపించారని ఆస్పత్రిలో డాక్టరు కసిరాడు. ఏళ్ళ తరబడి తాగడం వల్ల ఎముకలు లోపల గుల్లబారాయట. నడుం నొప్పికి మందంటూ సాయంత్రాలు మీరిద్దరూ పోసుకున్నది ఇందుకు పనికొచ్చింది. తాగుడుకి అలవాటుపడ్డ ఒంటికి తుంటి విరిగితే ప్రాణం మీదకు రావచ్చని డాక్టరు ముందే చెప్పాడు. మంచాన పడ్డాక ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. ఆ తర్వాతది నువ్వూ చూశావు.

చెక్క ఎత్తితే విరిగే చెయ్యి మంచిది కాదు. ఎముకల పరీక్ష చేయించుకో. సీసా వదిలెయ్. అప్పుడు ఉలులు నేనే తెచ్చిస్తాను, లేదంటే తుప్పు పట్టనీ. నీ మీద నాకు చచ్చేంత కోపం ఉంది. అయినా నువ్వు కూడా పోవాలని లేదు.

ఇట్లు,
మీ వదిన

తా.క.: ఆ రోజు మీ అన్నయ్య చుక్క ముట్టలేదు. మానేసి నెల దాటింది. సాయంత్రాలు కడుపునొప్పంటూ నిన్ను తప్పించుకున్నది అందుకే. నువ్వు గుమ్మం దాటగానే ఆయన నోరు వాసన చూశాను, ఏమీ లేదు. తాగలేదురా అని దారి పొడుగునా నీతో అన్నారట. తాగినవాళ్ళంతా అదే అంటారని నువ్వు నవ్వావట. తెలిస్తే కుమిలిపోతావని, నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. నీ గ్లాసు సంగతి చదివాక ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను.