ఆనుకొని ఎవరు అన్న గడిలో నేను వ్రాసిన పేరు

బొడ్డమామిడి గ్రామం,
గూడెం కొత్తవీధి మండలం,
18–11–2009.

సబ్ కలెక్టరు గారి సముఖమునకు, బొడ్డమామిడి కాపురస్తుడు, కొర్రా భీముడు కుమారుడు ధనుంజయ్, వయస్సు 31, పదవ తరగతి పాసు, వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: కొండపోడు పట్టా – దిగువ హద్దు తప్పుగా చూపించుట – సదరు పట్టాలో సగము తీసివేయుమని పట్టాదారుడే కోరుట – గురించి.

పట్టా ఇమ్మని తమకు అర్జీలు చాలా వచ్చి ఉండును. తీసివేయమని వచ్చినది ఇదే మొదటిది కావచ్చును. పక్కన పడేయకుండా చివరిదాకా చదవ ప్రార్థన.

1. మా కొండ మీద హద్దులకు తూర్పు పడమరలు చెప్పుకొనే వాడుక లేదు. ఎగువ, దిగువ, గెడ్డవార అనగా వాగు పక్క, అంతే. దిగువ ఎవరని అడిగితే కింద గెడ్డ దాకా ఉన్నవాళ్ళలో ఎవరి పేరు చెప్పినా తప్పు పట్టరు. మధ్యలో ఇంకొకరి నేలచెక్క ఉన్నా సరే. పక్కవాడు అంటే, కేకేస్తే పలికేవాడు.

2. సర్కారువారి ఫారములో అడిగినది అది కాదు. "భూమిని ఆనుకొని ఉన్నవారు" అని ఉన్నది. అనగా మధ్యలో జానెడు నేల కూడా వేరొకరిది ఉండరాదు. నా ఫారములో దిగువ గడిలో, ఇంకా కింద సాగు చేసుకొనే మా ఊరి మనిషి పేరు, "గాసి" అని వ్రాసితిని. నాకును గాసికిని మధ్య పాంగి రత్నాలు చెక్క ఎకరం పైచిలుకు ఉన్నది. ఆమె భర్త లేని మనిషి, నాకు పిన్ని వరుస. కొలతల నాడు ఆమె చింతపల్లిలో కూతురి పురిటికి వెళ్ళి ఉన్నది. యంత్రం పట్టుకొన్న అబ్బాయి నేను నడిచిన చోటల్లా నడిచినాడు. నేను గాసి కంచె దాకా నడిచితిని. ఆ అబ్బాయి తప్పు లేదు.

3. ఇక్కడి వరకు చదివి, పాపం కొండవాడు, మాట తేడా వల్ల పొరబడినాడని తమరు అనుకొందురు. నేను కూడా మొదట వేరే కాగితం మీద అలాగే వ్రాసి, దానిని చించివేసితిని. ఊరిలో ముప్పై ఏడు ఫారములు నింపినది నేనే. హద్దు రాయికి అటువైపు కాలు పెడితే ఎవరి నేలో వాళ్ళ పేరే చెప్పాలని ఇంటింటికీ తిరిగి విడమరచినది నేనే. రత్నాలు పిన్ని ఫారములో ఎగువ నా పేరు, దిగువ గాసి పేరు సరిగ్గా వ్రాసినది కూడా ఈ చేతితోనే. ఆఖరున నా ఫారము నింపేటప్పుడు మాత్రం చదువు గుర్తు రాలేదు, ఊరి వాడుక గుర్తుకు వచ్చినది.

4. కారణము: నా చెక్కలో రాళ్ళు. ఆమె చెక్కలో పద్నాలుగేళ్ళ కాఫీ, సిల్వరోకు చెట్లకి పాకిన మిరియం. ఇంతకన్న పెద్ద కారణమేదైనా ఉంటే బాగుండునని చాలా వెతికితిని. లేదు. సిగ్గుగా ఉన్నదండి.

5. ఏటా చైత్రంలో వచ్చే ఇటుకల పండగకి హద్దు రాళ్ళు ఇరువైపులవారూ కలిసి సర్దుకొని, అక్కడే కోడిని కోసి, వండుకొని తినుట మా ఆచారము. రాయికి అటు ఆమె, ఇటు నేను. ఈ ఏడు కూడా తింటిని. కారిజం ముక్క ఏరి నా ఆకులో వేసినది. పట్టా అప్పటికి రెండు నెలల ముందే నా పెట్టెలోకి వచ్చి ఉన్నది.

6. గత వారం ఆమె ఫారము తిరిగి వచ్చినది. సదరు భూమి వేరొకరి పేర ఉన్నందున వీలు లేదని. నాచేతనే చదివించుకొన్నది. ఆ వేరొకరు ఎవరని అడిగితే కాగితంలో పేరు లేదని చెప్పితిని. నిజంగానే లేదు. కాఫీ పండు ఎర్రబడినది. బుట్ట పట్టుకొని వెళ్ళి, పరాయి భూమి అంటున్నారు గదా అని చెట్టు ముట్టుకోకుండా ఉత్త బుట్టతో తిరిగి వచ్చినది. నిన్న తెల్లకాగితం కొని తెచ్చి, పై ఆఫీసుకి అర్జీ రాయమని నా ముందు పెట్టినది.

"నువ్వు రాత్తే ఆపీసరుగోరు ఇంటారు. ఎవులో తెలీక సేసుంటారు నాయనా, ఆల్ని తిట్టి రాయకు."

ఆ కాగితమే ఇది.

కావున తమరు దయయుంచి, నా పట్టాలో దిగువ హద్దున గాసి పేరు కొట్టివేసి పాంగి రత్నాలు అని వ్రాయించి, రాళ్ళ వరుసకు దిగువనున్న నేల ఆమె పేర పట్టా చేయించి, పండు రాలిపోకముందే ఆమె కోసుకొనేటట్లు ఉత్తర్వు ఇప్పించి, నా మీద ఏ చర్య తగునో అది తీసుకొన చిత్తగించవలెను.

తమ విధేయుడు అని వ్రాయుటకు చేయి రాకున్నను, విధేయుడు,
కొర్రా ధనుంజయ్.

మరి ఒక మాట: కాగితం అడుగున ఉన్న వేలిముద్ర రత్నాలు పిన్నిది. నేనేం రాస్తానో అడక్కుండా ముందే వేసి ఇచ్చేసింది. మా ఊర్లో చదువొచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే బాబూ. పొద్దున్న వచ్చి, రాసింది చదివి వినిపించమంది. బాగా రాసేను పిన్నీ అని చెప్పి పంపించేశాను. తమరు ఎవరినైనా పంపితే, వాళ్ళచేత ఇది ఆవిడకి చదివించండి, మూడో నంబరు వదలకుండా. నేను ఆవిడ ఎదురుగానే కూర్చుంటాను. ఎక్కడికీ పోను.