గోళ్లరంగు చుక్క

పొట్టీ,

నీ వాటా అన్నం గిన్నెలో పెట్టి మూతపెట్టాను. తిన్నాక మాత్ర వేసుకో. షాపులో కుట్టుపని ఎక్కువుంది, ఏడింటికి వస్తాను.

అయినా నేను రోజూ తెరిచే బొత్తాల డబ్బాలోనా మాత్రలు వేసుకోకుండా దాచేది? నాకు దొరకాలనే పెట్టావేమో.

నీ రక్తంలో వైరస్ మళ్లీ పెరిగిందని డాక్టరమ్మ చెప్పగానే నిన్ను తిట్టాను. "మందులు ఎందుకు మానేసిందో అడిగారా?" అందావిడ. అడగలేదు.

హెచ్ఐవీ ఎంగిలితో అంటదని తెలిసి కూడా నీ గ్లాసు అడుగున గోళ్లరంగు చుక్క పెట్టింది నేనే. మాత్ర వేసుకోవాలంటే రోజూ ఆ గ్లాసే ఎత్తాలి కదా నువ్వు. ఆ చుక్క గీకేశాను.

పిన్ని

పొద్దున నీ గ్లాసులోనే టీ తాగి, అన్ని గ్లాసులతో కలిపి తోమాను. ఇప్పుడు నీదేదో నాకూ తెలియదు.