గేర్లో ఉన్న జీపు

ఆదివారం, పడుకునే ముందు

మొత్తానికి జీపు షాఫ్ట్ ఊడింది. వాగులు దాటి దాటి తుప్పు పట్టిన బోల్టులు, డీజిల్ పోసి రెండు రోజులు నాననిచ్చాక, స్పానర్‌కు లొంగాయి. మెకానిక్ కోసం భద్రాచలం దాకా ఈడ్చుకుపోనక్కర్లేదని ముందే అన్నాను, అన్నట్టే చేశాను.

పొద్దున మా ఆవిడ సరోజ మాత్రం వదల్లేదు. "వాకిలి వాలుగున్నది, హ్యాండ్ బ్రేక్ పనిచెయ్యదాయె. చక్రాలకు దుంగలన్న పెట్టరాదు?"

"గేర్లో ఉన్నది, ఏడికి పోతది?" అన్నాను. ఇరవై ఏళ్లుగా బండిని గేర్లోనే ఆపుతున్నాను మరి. ఆమె వినలేదు. తనే రెండు మద్ది దుంగలు తెచ్చి వెనక చక్రాలకు పల్లం వైపు అడ్డం పెట్టి పోయింది.

చివరి బోల్టు రాగానే షాఫ్ట్ నా చేతుల్లోకి దిగింది. ఆ క్షణమే జీపు కదిలి, దుంగలకు తగిలి కిర్రుమని ఆగింది. గేరును చక్రాలతో కలిపేదే ఆ షాఫ్ట్ అని, అది ఊడితే గేరు దేన్నీ పట్టి ఉంచదని, బండి కింద పడుకుని ఉండగా గుర్తొచ్చింది నాకు.

"ఏందా చప్పుడు?" అంది సరోజ లోపలి నుంచి.

"షాఫ్ట్ ఊడింది," అన్నాను. అబద్ధమేం కాదు.

రేపు కొత్తది బిగించాలి. అదేం పెద్ద పని కాదు నాకు. కాకపోతే ముందు చక్రాలకు కూడా దుంగలు పెడతాను. ఎందుకని సరోజ అడిగితే, "వాకిలి వాలుగున్నది కదా" అంటాను.