తెల్లగ చేసిన కండ్లు

బావా, నమస్తే.

ఎల్లుండికి నువ్వు పోయి యాడాది నిండుతది. ఎట్లున్నవ్ అని రాయబోయి ఆగిన... ఆడికి పోయినోళ్లను ఎట్లున్నవ్ అని అడుగుతరా? అడిగితే మాత్రం జవాబు ఎవలిస్తరు? నేనైతే ఉన్న. మన స్టూడియో ఉన్నది. షట్టర్ ఇంకా సగం దాక లేసి పట్టుకుంటనే ఉన్నది, కాలుతోని ఒక్కటి తన్నితేనే మీదికి పోతది. గా తన్నుడు గూడ నువ్వు నేర్పిచ్చిందే.

అక్క మంచిగున్నదని రాద్దామనుకున్న. రాయబుద్ధైతలేదు. మన ఇంట్ల అబద్ధాలు ఇప్పటికే మస్తు జమైనయ్.

నీకొక మాట చెప్పాలె బావా. నువ్వు మంచంల ఉన్నప్పుడు నీ కాళ్లకాడ కూసోని ఎన్నిసార్లు నోటిదాక తెచ్చుకున్ననో... తెచ్చుకొని మింగిన. ఇయ్యాల పొద్దుగాల ఒకటి జరిగింది. ఇగ చెప్పకుంటే నా కడుపు పలిగేటట్టున్నది.

నీ రఫ్ లుక్ ఫొటో యాదికున్నదా?

గప్పుడు పోరగాండ్లు ఫోన్లు పట్టుకొని ఎగవడి వస్తుండిరి. అన్నా, నా మొఖం గిట్ల చెయ్యే అని. రంగంత గుంజెయ్యాలె, మొఖం బూడిద తీరు కావాలె, చెంపల కింద నీడలు కొట్టాలె, ప్రతి ముడుత, ప్రతి మచ్చ, గడ్డంల ప్రతి ఎంటిక సూదితోని గీసినట్టు కనవడాలె. కండ్లు ఒక్కటే తెల్లగ మెరవాలె. నేను దినాం పది మొఖాలు చేస్తుంటి. నువ్వు ఎనక కుర్చీల కూసోని గునుస్తుంటివి. "మంచిగున్నోన్ని రోగమోన్ని జేస్తున్నవ్ గదరా బామ్మర్దీ! బొగ్గుబట్టీల బొర్లిచ్చినట్టున్నడు... వీని అవ్వ జూస్తే గుర్తువడ్తదా?"

నువ్వేమో నెగెటివ్ మీద పెన్సిల్ పెట్టి ముసలోళ్ల ముడుతలు మాపినోనివి. నాకు పని నేర్పినప్పుడు మొదాలు చెప్పిన మాట ఒక్కటే. "ముందుగాల మనిషిని జూడు. తర్వాత ఫొటోను ముట్టు." నేను తలకాయ ఊపిన. ఊపిన, గంతే.

గా దినం కొమురవెల్లి జాతర ఆదివారం. పొద్దటికెల్లి మల్లన్న గుడి కాడ జనానికి ఫొటోలు దీసి దీసి, పొద్దుగూకే యాళ్లకు స్టూడియోకు వచ్చినవ్. నొసలు మీద, చెవుల మీద, గడ్డంల, అంతట బండారి. మల్లన్న పసుపు సల్లుతుంటే ఎవల మీద పడదు? చొక్కా కాలర్ గూడ పచ్చగైంది. గప్పటికే నువ్వు బక్కగైనవ్. బెల్టుకు మొలతోని కొత్త బొక్క కొట్టుకున్నవ్. బొర్ర పోయిందని నీకు ఒకటే సంబురం. "కడుపుకు ఇప్పుడు బుద్ధొచ్చిందిరా, రెండు బుక్కలకే సాలంటుంది" అన్నవ్. దానికి నేను నవ్విన బావా. నవ్విన!

షాపు ముంగటి బోర్డుకు నమూనా మొఖం ఒకటి కావాలె నాకు. బక్కగైనంక హీరో లెక్క కొడ్తున్నవ్ బావా అని నిన్ను గుంజుకపోయి లైటు కింద కూసోవెట్టిన. వద్దు వద్దనుకుంటనే చొక్కా సర్దుకున్నవ్. లోకమంత ఫొటోలు దీసినోనివి, పెండ్లినాటివి తప్ప నీది సక్కని ఫొటో ఒక్కటి లేకుండె.

తెల్లారి నాలుగు గంటల సేపు దాని మీదనే కూసున్న. నీ చెంపలకు నీడలు కొట్టే పనే పడలే. చెంపలే లోపలికి పోయి ఉన్నయ్. లుక్ మస్తు కుదిరిందిరా అనుకున్న... థూ, నా బతుకు!

ఆఖరికి కండ్ల కాడికొచ్చిన. నీ కన్నును తెర మీద జొన్నరొట్టెంత జేసి చూసిన. తెల్లగుండాల్సిన జాగంత పచ్చగున్నది. చూసిన బావా. చూడలేదని అననీకె లేదు. మొఖం మీది బండారి రంగు కంట్ల కొడ్తుందేమో అనుకున్న. ఇంకో ఆలోచన రాలే. కంప్యూటర్ల పసుపు రంగు గీతను పట్టి సున్న దాక గుంజిన. నొసటి బండారి పోయింది, కాలర్ మీదిది పోయింది, తోలు మీదిది పోయింది, కండ్లు పాల తీరు తెల్లగైనయ్. అన్ని ఒక్క గుంజుడుకే. చేయి తిరిగినోన్ని గద!

నువ్వు ఆ ముందు గదిలనే ఉంటివి. తానం చేసి వచ్చి పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరిస్తుంటివి. పది అడుగులు. లేసి పది అడుగులేసి నీ మొఖం జూస్తే అయిపోతుండె. బండారి కడిగినంక గూడ నీ కండ్లల్ల గా పచ్చ గట్లనే ఉండె గద...

ప్రింటు చూసి నువ్వేమన్నవో యాదికున్నదా? "నన్ను గూడ రోగమోన్ని జేస్తివి గదరా" అన్నవ్. అందరం ఇరగవడి నవ్వినం.

నెల మీద పది దినాలైనంక తొగుట దిక్కు ముసలామె వచ్చింది, పించను కాయితాలకు ఫొటో దిగనీకె. మందపు అద్దాలు, సగం చూపు. గదుమ కొంచెం ఎత్తు అవ్వా అని నువ్వు ఆమె మీదికి వంగినవ్. నీ కండ్లేంది కొడుకా గిట్ల పచ్చగున్నయ్, కామెర్లా అన్నది. ఒక్క చూపుకే కనవెట్టింది బావా! నేను రొట్టెంత జేసి చూసినోన్ని. కండ్లున్న కబోదిని.

తర్వాత సంగతి నీకు ఎరికనే. సిద్దిపేట దవాఖాన్ల స్కానింగు, ఆడికెల్లి హైదరాబాదు. పిత్తం పోయే తొవ్వల గడ్డ. కండ్లు ఎప్పటికెల్లి పచ్చగున్నయని డాక్టర్ అడిగిండు. వారం కెల్లి అని అక్క చెప్పింది. నేను ఆమె ఎనకనే నిలవడ్డ. జాతర కెల్లి అనే మాటను మింగిన. కొంచెం ముందుగాల వస్తే కోసి తీసేది చూస్తుంటిమేమో అన్నడు ఆయన. గా 'ఏమో'తోనే యాడాది ఎల్లదీసిన. దినాం పండుకునేముందు గదే, లేసినంక గదే.

మూడు నెలలకు నువ్వు పోయినవ్. ఫొటో ఏది అంటే అందరు గా రఫ్ లుక్ దాన్నే చూపిచ్చిన్రు. చౌరస్తల ఫ్లెక్సీ మీద గదే, ఇంట్ల గోడ మీద గదే. నీకు గిట్టని మొఖానికే దండేసినం. ఏం ఫొటో తీసినవ్ అన్నా, మనిషి లేసొస్తడా అన్నట్టుందని మెచ్చుకున్నరు నన్ను. మెచ్చుకుంటుంటే సచ్చిపోవాలనిపిచ్చింది.

పదకొండోనాడు నీ చెల్లె అందరి ముంగట అననే అన్నది. ఒక్క ఇంట్ల ఉండి, కట్టుకున్నోని కండ్లు పచ్చగైతే కనవడలేదా వదినా అని. కూసున్నోళ్లంత అక్క దిక్కే చూసిన్రు. అక్క లేసి నీ ఫొటో కాడికి పోయింది. నీ కన్ను మీద వేలు పెట్టింది. చూడున్రి, రోగం బయటవడక నెలన్నర ముందు దిగిన ఫొటో ఇది, కండ్లు ఎంత తెల్లగున్నయో చూడున్రి అన్నది. రోగం ఒక్కపారే కమ్ముకున్నది, నేను గుడ్డిదాన్ని గాదు అన్నది. నీ చెల్లె నోరు మూసుకున్నది. ఇస్తార్లు చేతుల పట్టుకొని నేను ఆడనే ఉన్న బావా.

గప్పటి కెల్లి ఎవలొచ్చినా అక్క గదే చూపిస్తది. పాలామె వచ్చినా, చుట్టాలొచ్చినా. ఒక్కొక్కసారి ఎవలు లేకున్నా దాని ముంగట నిలవడి కండ్లే చూస్తది. మా అమ్మ పోయినంక నన్ను సాదింది అక్క. చిన్నప్పుడు నా తప్పులు ఎన్ని మీదేసుకున్నదో నీకెరికనే. ఇప్పుడు నా తప్పే ఆమెకు ఆసరైంది. చెప్తే నా బరువు దిగుతది గని ఆమె కాళ్ల కింది పీట పోతది. చెప్పాల్నా, వద్దా? నువ్వుంటే నిన్నే అడుగుదును...

మొన్న అక్కనే అడిగింది. బావకు గా బొగ్గుమొఖం గిట్టకుండె, యాడాది దినానికైనా రంగులది పెడ్దాం తమ్మీ, అసలుది నీ తాన ఉంటది గద అన్నది. ఉంటది అన్న.

ఇయ్యాల పొద్దుగాల తెరిచిన. యాడాదికి మల్ల నిన్ను రంగుల చూసిన. నొసటి నిండ బండారి. మీసం కింద నవ్వు... నిన్ను కూసోవెట్టి తమాష చేస్తున్ననని నవ్వు. కండ్లు... అయ్యో బావా, గంత పచ్చ! బండారి ఒక పచ్చ, నీ కండ్లది ఇంకో పచ్చ. పసిపిల్లకైనా తెలుస్తది. నాకు గా దినం ఎట్ల కలిసిపోయినయ్? మౌసు మీద చెయ్యి పెట్టి ఎంతసేపు కూసున్ననో.

ఎనక గాజుల సప్పుడైంది. అక్క. సర్వపిండి డబ్బ పట్టుకొని నిలవడ్డది. ఎప్పుడొచ్చిందో తెల్వదు. దిగ్గున లేసి తెరకు అడ్డం నిలవడ్డ. ఇగ అయిపోయింది అనుకున్న. చెంప మీద కొడ్తదనుకున్న, తిడ్తదనుకున్న, కింద కూలవడి ఏడుస్తదనుకున్న. ఏం జెయ్యలే. నన్ను మెల్లగ పక్కకు జరిపి, డబ్బ బల్ల మీద పెట్టి, నీ మొఖం దగ్గరికి వంగి చూసింది. మస్తుసేపు చూసింది.

బండారి గట్లనే ఉండనీ అన్నది. జరసేపైనంక, కండ్లు తెల్లగ చెయ్యి తమ్మీ అన్నది. గోడ మీద దాంట్ల ఉన్నట్టే.

గంతే బావా. ఎందుకు పచ్చగున్నయని అడుగలే. గప్పుడు నువ్వు చూసినవా అని గూడ అడుగలే.

దవాఖాన్ల వారం కెల్లి అన్నదే, గది నిజమేనా? పొద్దుగాల మొఖం కడుక్కొని వస్తే నీకు తువ్వాల అందిచ్చేది ఆమెనే గద. ఆమెకు గూడ ముందే కనవడ్డదా? కనవడి, జాతర పసుపే అనుకున్నదా? నోట్లకెల్లి అంటే నిజమైతదని భయపడ్డదా? నువ్వైనా అద్దంల చూసుకున్నవా, చూసుకొని మాకు చెప్పలేదా... ఎవలనడగాలె నేను?

చేసిన. ఈసారి తెలిసి చేసిన. బండారి ఉంచాలె గాబట్టి ఒక్క గుంజుడుకు అయ్యేది గాదు. కన్ను లోపటికి పోయి ఇంత ఇంత తుడుచుకుంట రావాలె. గంటన్నర పట్టింది. అక్క నీ కుర్చీల కూసోని చూసింది. ఎడమ కంటి మూలకు ఇంకొంచెం ఉన్నది అన్నది. అది గూడ తీసిన. అక్కా, గా దినం నేను... అని మొదలు వెట్టిన. సర్వపిండి సల్లారుతది, తిను అన్నది. తిన్న. ఉప్పు ఉన్నదో లేదో తెల్వలే.

పచ్చకండ్ల ఫొటో చెరపలే బావా. చెరపను. అది నా తాన్నే ఉంటది.

నీకొక మాట ఇస్తున్న. ఇగ ఎవల కండ్లు ముట్టేముందైనా కుర్చీల కెల్లి లేస్త. పోయి ఆ మనిషిని ఎలుగుల నిలవెట్టి చూస్త. ఇప్పటికే చూస్తున్న, పోరగాండ్లు నవ్వుతున్నరు. ఏందన్నా, డాక్టర్ లెక్క చూస్తున్నవ్ అని. నవ్వనీ.

అక్క పోయేటప్పుడు గడప కాడ ఆగింది. ఇటు రా అన్నది. పోయిన. నా గదుమ పట్టి మొఖం ఎండ దిక్కు తిప్పింది. బొటనేలుతోని కంటి కింది తోలు గుంజి చూసింది. ఒకటి చూసి, రెండోది గూడ చూసింది. పో, పని చేస్కో అన్నది.

నీ బామ్మర్ది