ఓబుల్ రెడ్డి కారుకు సెల్ఫ్ వైరింగ్

జూలై 7, సోమవారం

నేను పాఠాలు చెప్పే బడికి వారం సెలవు పెట్టాను. జమ్మలమడుగు బస్సు ఎక్కకుండా మా ఆయనతో ప్రొద్దుటూరులోని మా మెకానిక్ షాపుకే వెళ్ళాను. ఆయనకు పక్షవాతం వచ్చాక షట్టరు లేవడం ఇదే మొదలు. ఎత్తింది నేనే — ఆయన కుడిచెయ్యి లేవదు.

లోపల ఓబుల్ రెడ్డి కారు, దుమ్ము కొట్టుకుని. వాళ్ళ తాత నాటిది. పెట్రోలు ఇంజన్ తీసేసి డీజిల్ ఇంజన్ ఎక్కించారు ఈయన. బండి స్టార్టు చేసే సెల్ఫ్ మోటారుకు వైర్లు కలపడమే మిగిలింది. అంతలో పడిపోయారు.

పులివెందుల నుంచి ఓబుల్ రెడ్డి ఫోన్. "శుక్రవారం వస్తానక్కా. కాకుంటే కట్టి లాక్కోనిపోతాలే. అన్నను ఇబ్బంది పెట్టను."

మంచిగానే అన్నాడు. ఆయన మొహం చూడలేకపోయాను.

జూలై 8

సాలినాయిడ్ — సెల్ఫ్ మోటారు మీద బిగించిన చిన్న డబ్బా. తాళం తిప్పితే సన్న వైరులో కొంచెం కరెంటు. అది లోపల లావు వైర్లను కలుపుతుంది, మోటారు తిరుగుతుంది. బోర్డు మీద పిల్లలకు ఎన్నిసార్లు గీశానో... చేత్తో ముట్టుకోవడం ఇప్పుడే.

"సన్నది ఈడ పెట్టు," అంటారు. వేలు మాత్రం లావు వైరు మీద.

"లావుదా?"

"సన్నది అంటాండా గదా!" అరిచారు.

డాక్టరు ముందే చెప్పాడు — తారుమారయ్యేది మాటలు, తెలివి కాదు. ఇక నోటిని వదిలేసి వేలినే చూస్తున్నాను.

జూలై 9

స్పానరు జారి నా వేళ్ళు చీరుకుపోయాయి. గుడ్డ చుట్టి మళ్ళీ బిగించాను.

జూలై 10

బిగించడం అయింది. తాళం తిప్పాను. టక్. మళ్ళీ తిప్పాను. టక్. మోటారు తిరగదు. ఇంకోసారి గట్టిగా పట్టుకుంటే ఎక్సలేటరు కేబుల్ నుంచి పొగ. బ్యాటరీ వైరు పీకేశాను.

"చాలు మామా. ఓబుల్ రెడ్డి వచ్చి ఈడ్చుకోనిపోనీ."

ఆయన లేచారు. చేతికర్రతో సిమెంటు మీద కొట్టారు. "నేల... నేల!"

"కింద ఏముంది?"

"కింద గాదు! నేల!" కర్ర ఒకసారి ఇంజన్ వైపు, ఒకసారి బండి చట్రం — చాసిస్ — వైపు. కళ్ళలో నీళ్ళు.

అప్పుడు తట్టింది. ఇంజన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుంది. దానికీ చాసిస్‌కూ మధ్య రాగి పట్టీయే లేదు. కరెంటు వెనక్కి బ్యాటరీకి రావడానికి దారి లేక ఎక్సలేటరు కేబుల్ పట్టుకుంది.

"ఎర్తా?"

స్టూలు మీద కూలబడ్డారు. "ఆ... ఎర్తు. ఎర్తు."

జూలై 11, శుక్రవారం

రంగు గీకి పట్టీ వేశాను. తాళం ఆయనే తిప్పారు, ఎడమచేత్తో. రెండోసారికి ఇంజన్ అందుకుంది. షాపంతా నల్ల పొగ — దగ్గుతూ నవ్వారు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ నవ్వు చూడలేదు.

కారు కోసం వచ్చిన ఓబుల్ రెడ్డి నన్ను మెచ్చుకోబోయాడు. "ఆయప్ప చెప్పినాడు, నేను బిగించినా. అంతే," అన్నాను.

కారు పులివెందుల దారి పట్టింది. ఆయన మలుపు దాకా చూశారు.

జూలై 13, ఆదివారం

చర్చి బయట ఒకతను ఆపాడు. ఓబుల్ రెడ్డి పంపాడట. అతనిది పాత జీపు, వైరింగంతా కాలిపోయింది. ఆయన నావైపు చూడకుండానే "రేపు తోలుకోనిరా," అన్నారు.

సెలవు నేటితో ఆఖరు. హెడ్‌మాస్టరు ఫోన్ చేసి గుర్తు చేశాడు.

బ్యాగులో పుస్తకాలు సర్దుతుంటే ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"సుగుణా, రేపు యాడికి పోతాండావు?"

"ముందు అన్నం తిను మామా," అన్నాను.

తిన్నారు. షాపు తాళంచెవి నా బ్యాగు పక్కన పెట్టి పడుకున్నారు.