అయ్యగారు రాయని ఉత్తరం

మే 8, శుక్రవారం

ప్లస్ టూ ఫలితాలు. కృపకి కెమిస్ట్రీలో తొంభై ఏడు. నా కూతురు! వాళ్ళ నాయన మగ్గం గుంటలోంచి లేచి వచ్చాడు. పంచకి చేతులు తుడుచుకుని దాని తల మీద చెయ్యి పెట్టాడు. ఏమీ అనలేదు. ఎప్పుడూ అనడు. నేనే అరిచాను, గుడియాత్తం ఊరు సగం వినేట్టు. ప్రసంగాలు చెప్పే గొంతు— దాచుకోవడం రాదు.

మే 9

కెమిస్ట్రీయే చదువుతుందట. చిన్నప్పుడు రంగు తొట్టి దగ్గర కూర్చుని ప్రాణం తీసేది— ఎర్ర నూలు ఎందుకు రంగు వదులుతాది, నీలం ఎందుకు వదలదు? దేవుడు అట్లా చేసినాడు అన్నాను. ఆ జవాబు దానికి చాలలేదు. ఇప్పటికీ చాలలేదు.

వేలూరులో రెండు ఆడపిల్లల కాలేజీలకి దరఖాస్తు వేశాం. ఫోనులో.

మే 11

రెండో కాలేజీలో క్రైస్తవ సంఘాల పిల్లలకి కొన్ని సీట్లు ఉన్నాయి. సంఘ కాపరి ఉత్తరం కావాలి— ఈ పిల్ల బాప్తిస్మం పొందింది, ఫలానా సంఘంలో సభ్యురాలు అని. మా సంఘమేమో మగ్గానికి పడుగు నూలు పోసే షెడ్డు. ఏడు కుటుంబాలు, ఒక డప్పు, నేను. ముద్ర లేదు. ముద్ర ఉన్నవాడు ఈ పక్కన చర్చి పాస్టరు ఒక్కడే. అయ్యగారు.

ఎనిమిదేళ్ళ కిందట నన్ను ప్రసంగ పీఠం మెట్టు మీదినుంచి దింపినవాడు. "ఆడదానివి, దిగమ్మా." దిగాను. ఏడు కుటుంబాలని వెంటబెట్టుకుని దిగాను. అప్పటినుంచి ప్రతి ఉదయం ప్రార్థనలో ఆయన పేరు ఎత్తుతూనే ఉన్నాను. మేలు కోరి కాదు.

ఇంకొకటి ఉంది. రాయడానికి చెయ్యి రావడం లేదు. కృప బాప్తిస్మం పొందలేదు. నేను మోర్ధానా డ్యాము నీళ్ళలో మునిగిననాడు దానికి నాలుగేళ్ళు. పిల్లలని ముంచకూడదు, తానుగా అడిగిననాడే మునగాలి— నేనే చెప్పాను, ఆయన ముఖం మీదే చెప్పాను. పదమూడేళ్ళయింది. అది అడగలేదు. ఎందుకు అడగలేదని నేనూ అడగలేదు.

మే 12

పోయాను. ఎనిమిదేళ్ళ తర్వాత ఆ గడప.

అయ్యగారి భార్య మజ్జిగ తెచ్చింది. "ఏమ్మా, ఇన్నాళ్ళకి మా ఇల్లు యాడుండాదో తెలిసిందా?" నవ్వుతూనే. గ్లాసు తాకలేదు.

ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ అంతా విన్నాడు. "పాప మునగలేదు కదమ్మా..." ఆగాడు. "సరి, చూస్తాం." లేచి లోపలికి పోయాడు. పరదా పడింది.

చూస్తాం! ఆ మాటకి అర్థం చంకలో బిడ్డకి కూడా తెలుసు.

మే 13

ఆయన కూతురు స్టెల్లా కూడా అదే కాలేజీకి వేసిందట. అదీ కెమిస్ట్రీయే. మొత్తం మీద కృప కంటే నలభై మార్కులు తక్కువ. పరదా ఎందుకు పడిందో ఇప్పుడు తెలిసింది.

మే 14

ప్రభువా, ఆదివారం ఆయన మైకు మూగబోవాలి. ఆ తెల్ల అంగీ మీద మా ఎర్ర రంగు పడాలి, సంఘం మొత్తం చూస్తుండగా. ఏ సబ్బుకీ పోకూడదు.

మే 17, ఆదివారం

షెడ్డులో ప్రసంగం. ఆయన సంఘాన్ని మనసులో పెట్టుకునే చెప్పాను— సీటు కోసం, ఉద్యోగం కోసం నీళ్ళలో దిగేవాళ్ళ గురించి. "లాభానికి మునిగినవాడు తడిసి వస్తాడు, అంతే!" డప్పాయన కూడా చెయ్యి ఆపాడు. అక్కడినుంచి అబద్ధ సాక్ష్యం పలికే నాలుకల మీదికి పోయాను. గంటన్నర. కృప చివరి చాప మీద కూర్చుని కదలకుండా వింది.

మంచి ప్రసంగం.

మే 18

స్టెల్లాకి పుస్తకం తిరిగి ఇచ్చి వస్తానని కృప ఆ ఇంటికి పోయింది. రాగానే అడిగాను— ఏమైనా అన్నాడా ఆయన? తల దించుకుంది. చాలు. ఇంకేం అడగాలి.

మే 22

మొదటి కాలేజీ లిస్టు. వేలూరు పోయాను, ఒక్కదాన్నే. పేర్లన్నీ ఇంగ్లీషులో. నాకు రాదు. కృప తన పేరు రాసిచ్చిన చీటీ పట్టుకుని ఒక్కో పేరు కింద ఆనించి చూశాను, నూలు రంగు నమూనాతో సరిచూసినట్టు. పైనుంచి కిందికి. కిందినుంచి పైకి. ఎక్కడా సరిపోలేదు.

తిరుగు బస్సులో కూర్చున్నాక గాని చీటీ నలిపేశానని తెలియలేదు. మళ్ళీ సాపు చేసి బైబిలు గ్రంథంలో పెట్టాను. ఇంకో కాలేజీ ఉంది కదా.

మే 26

ఫోను. గంటకోసారి కృప చూస్తుంది. అది చూడనప్పుడు నేను చూస్తాను, ఏమీ అర్థం కాకపోయినా.

నా గ్రంథం తెరిచాను. శత్రువుల పళ్ళు విరగ్గొట్టమని రాజు మొరపెట్టుకున్న పాటలన్నీ వరుసగా చదివాను. నాకు అక్షరాలు నేర్పింది ఈ గ్రంథమే, ఏ బడీ కాదు. ఇంట్లో మిగతావాళ్ళు ఈ ఊరి బళ్ళో తమిళం నేర్చినవాళ్ళు, తెలుగు చదవలేరు. అందుకే ఈ నోటుబుక్కు దాచను. బల్ల మీదే పడి ఉంటుంది.

మగ్గంలోంచి మా ఆయన— "నీ కోపం ఉండాదే, ఏ సోడా వేసి ఉతికినా పోని రంగు."

పోకూడదు.

జూన్ 1

రెండో కాలేజీ. స్టెల్లా పేరు ఉంది. పక్కన నిలబడ్డ పిల్ల చదివి చెప్పింది. కృప వెయిటింగు లిస్టులో, పదకొండో పేరు.

ఆఫీసులో అమ్మాయి కుర్చీ వేసింది, నీళ్ళు ఇచ్చింది. జూన్ పదిహేను సాయంత్రం నాలుగు లోపల సంఘం ఉత్తరం తెస్తే ఆ సంఘాల సీట్లలో చూస్తారట. ఉత్తరం! ఆ ఒక్క కాగితం! అయ్యగారూ, నీ బిడ్డని లోపల కూర్చోబెట్టి నా బిడ్డ మీద తలుపు వేశావు. చూస్తాం అన్నావు కదా. చూడు.

జూన్ 5, శుక్రవారం

ప్రభువే అప్పగించాడు!

ఆయన సంఘంలో ఆడవాళ్ళ ఉపవాస ప్రార్థన. చెప్పడానికి నెమిలి ఊరినుంచి రావలసినామెకి జ్వరం. "రాహేలమ్మా, నువ్వు రా" అని ఇద్దరు వచ్చి పిలిచారు. కృపని తీసుకుని పోయాను. అయ్యగారే వాకిట్లో నిలబడి అన్నాడు— "పైకి ఎక్కమ్మా." అదే మెట్టు. ఎక్కాను. భయపడ్డాడు అనుకున్నాను.

తాళంచెవి చేతిలో పెట్టుకుని తాను లోపలికి పోనివాళ్ళు, పోయేవాళ్ళని అడ్డుకునేవాళ్ళు— అక్కడ మొదలుపెట్టాను. పేరు ఎత్తలేదు. ఎత్తవలసిన పని లేదు. సొంత బిడ్డకి ఒక ముద్ర, పక్కింటి బిడ్డకి ఒక పరదా! ఆడవాళ్ళంతా అయ్యగారమ్మని చూశారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన గోడకి ఆనుకుని, తల వంచుకుని, చివరిదాకా నిలబడే విన్నాడు. ఎనిమిదేళ్ళు! నోట్లో తేనె పోసినట్టు ఉంది.

చివర దగ్గరికి వచ్చి, "బాగా చెప్పినావమ్మా" అన్నాడు. అంతే.

అదే రోజు, ఇంటికి వచ్చాక

సందు మలుపు దాకా కృప నా ముందే నడిచింది. అక్కడ ఆగింది.

"అయిపోయిందా, అమ్మా?"

"ఏంది?"

"ఆయన్ని ఉతికేది."

సంచిలోంచి కెమిస్ట్రీ రికార్డు తీసింది. దాంట్లోంచి కవరు. సంఘం ముద్ర, అయ్యగారి సంతకం. తమిళంలో, గుండ్రటి అక్షరాలు, కృపే చదివి చెప్పింది— కృప ఈ సంఘంలో బాప్తిస్మం పొందిన సభ్యురాలు.

"ఎప్పుడిచ్చినాడే?"

"పుస్తకం ఇచ్చేదానికి పోయినానే, ఆ పొద్దు."

"మరి కాలేజీకి ఎందుకియ్యలేదు?"

"అబద్ధం కదా మా. నేనెప్పుడు మునిగినాను? గంటన్నర చెప్తివే అబద్ధ సాక్ష్యం గురించి. ముందు రోజే కదా."

"నాకైనా చెప్పొచ్చు కదే, పాపా!"

"చెప్తే, అయ్యగారు అబద్ధం రాసినాడని మైకులో చెప్పేస్తావు."

నడిచి ముందుకు పోయింది. సందులో నేను, చేతిలో ఆ కాగితం.

జూన్ 6

ఉత్తరం మీద తేదీ మే 13. నేను పోయిన మరునాడే.

జూన్ 8

పోయాను. క్షమించమని అడగడానికా, పోట్లాడడానికా— గడప ఎక్కేదాకా నాకే తెలియదు.

అయ్యగారమ్మ తలుపు సగమే తీసింది. "ఇంకా ఏమన్నా మిగిలిందామ్మా చెప్పేది? పిలుస్తాను ఉండు, మైకు మాత్రం లేదు." ఈసారి మజ్జిగ లేదు. న్యాయమే.

ఆయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "తప్పే రాసినాను. తెలిసే రాసినానమ్మా. పైవాళ్ళకి తెలిస్తే నా అంగీ తీసేస్తారు, తీయనీ. తొంభై ఏడు తెచ్చిన బిడ్డ మగ్గంలో కూర్చోకూడదు."

"అంతమంది ముందు నన్నెందుకు ఆపలేదు?"

"ఏం చెప్పి ఆపేది?"

"ఎనిమిదేండ్ల ముందు ఎందుకు దించినావు మరి?"

"అదీ తప్పే."

రెండు మాటలు! ఎనిమిదేళ్ళుగా కుండలో నింపుకున్నదాన్ని రెండు మాటల్లో ఒలకబోశాడు. ఒప్పుకున్నవాడిని ఏం చెయ్యాలి? దయతో కొట్టినవాడి మీద పగ ఎట్లా తీర్చుకోవాలి? గ్రంథమంతా తిరగేశాను. శత్రువుకి మేలు చేసి వాడి తల మీద నిప్పులు కుప్పపొయ్యడం ఒకటి ఉంది. అది ఆయన నాకు చేసింది.

జూన్ 11

ఉపాయం తట్టింది. పొద్దున్నే కృపకి చెప్పాను— ఆదివారం మోర్ధానా పోదాం. మునుగు. ఆయన రాసింది నిజమైపోతాది.

"నేను అడిగితే కదా ముంచాల?"

"అడుగు మరి!"

"సీటు కోసం అడగాలా? లాభానికి మునిగినవాడు..." మిగతాది అనకుండా వదిలేసింది.

అప్పుడు అడిగాను. పదమూడేళ్ళకి. "ఎందుకు అడగలేదే ఇన్నాళ్ళు? నమ్మకం లేదా నీకు?"

రాట్నం మీద తెగిన పోగు ముడేసింది. "ఉండాది మా. కానీ నీళ్ళల్లో నా తల పట్టుకునేది నువ్వే కదా. నువ్వు ఎప్పుడూ ఎవురిమీదో కోపంగా ఉంటావు."

మగ్గం ఆగింది. మా ఆయన విన్నాడు. "విడు" అన్నాడు, నాతో. ఇరవై ఏళ్ళలో నన్ను ఏదైనా వదలమన్నది ఇదే మొదలు.

జూన్ 13

ప్రార్థనకి మోకరించాను. అలవాటుగా అయ్యగారి పేరు నోటికి వచ్చింది. మింగాను. స్టెల్లా పేరు వచ్చింది. అదీ మింగాను. కాలేజీని శపిద్దామంటే— ఆ ఆఫీసు అమ్మాయి నీళ్ళు ఇచ్చింది. లేచాను. పళ్ళు కొరుక్కుంటూనే.

జూన్ 14, ఆదివారం

షెడ్డులో పాటలు మాత్రమే. గొంతు నొప్పి అని చెప్పాను. అదీ అబద్ధమే.

జూన్ 15, సోమవారం

వేలూరు. కాలేజీ వరండా. బెంచీ మీద రాస్తున్నాను. మూడుంపావు.

పొద్దున కృప ఫైలు సర్దుకుంటూ అంది— "మా, నువ్వు చెప్పు. ఇయ్యమంటే ఇస్తాను." ఎంతమందికో ఎన్నో చెప్పాను నేను. బస్టాండులో, సంతలో, చావింట్లో. నా బిడ్డకి చెప్పడానికి ఒక్క మాట దొరకలేదు. ఆ కవరు తీసి అన్ని కాగితాల పైన పెట్టాను. అది చూసింది. తీసి అన్నిటికంటే అడుగున పెట్టింది. పారెయ్యలేదు.

పక్కనున్న తల్లి అడుగుతోంది, మీ పాప ఏ గ్రూపమ్మా అని. కెమిస్ట్రీ అన్నాను. గొంతు బాగానే వచ్చింది.

ఇస్తే, ఆ మనిషికి జన్మంతా తల వంచాలి నేను. వంచలేను. ఇవ్వకపోతే, తలుపు వేసింది నా ప్రసంగమే. ఎవరిని శపించాలి అప్పుడు? గ్రంథం ఒళ్ళోనే ఉంది. తెరవలేదు.

మూడున్నర. ఇందాక పేరు పిలిచారు. ఫైలు గుండెకి హత్తుకుని పోయింది, అడుగున ఆ కవరుతోనే. వెనక్కి తిరిగి చూడలేదు. తలుపు ఇంకా మూసే ఉంది...