అక్క పేరు మీద నలభై మూడేళ్లు

ఈ కాగితం చదవబోయే నా కార్యనిర్వాహకుడికి, మా అత్తయ్యకి, అవసరం పడితే కోర్టువారికి తెలియజేసుకునేది ఏమంటే: దీన్ని స్వదస్తూరీతో రాస్తున్న నేను యూనివర్సిటీ లైబ్రరీలో కేటలాగు విభాగం చూసే ఉద్యోగిని. అవివాహితను. కాగితాల ప్రకారం నాకు నలభై ఎనిమిదేళ్లు, ఒంటి ప్రకారం నలభై ఆరు. నా కిడ్నీలు బాగాలేవు, బుద్ధి బాగానే ఉంది. ఆ మేరకు మా డాక్టరమ్మగారు రాసిచ్చిన పత్రం జతచేశాను. నా మీద ఎవరి ఒత్తిడీ లేదు. ఒత్తిడి చేసేంత దగ్గరగా ఎవరూ లేరు కూడా. ఈ చివరి వాక్యం తీసేయమన్నారు లాయరుగారు, "అది చట్టానికి అక్కర్లేదు మేడమ్" అని. నాకు కావాలి, ఉంచాను.

1. నాలుగేళ్ల కిందట నేను రాసిన వీలునామా ఇందుమూలంగా రద్దు. అందులో అబద్ధాలున్నాయని కాదు. అప్పటికి నేనెవరో నాకు తెలియదు. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మా లైబ్రరీ బైండరుగారికి అప్పగిస్తున్నాను. చినిగిన పుటను చినిగినట్టే ఉంచి, వెనక నుంచి పలచటి కాగితం అతికించి నిలబెట్టడం ఆయనకు వచ్చు. అంతకు మించిన అర్హత నాకు అక్కర్లేదు. అడిగినప్పుడు, "నాకు చట్టాలు తెలీవమ్మా, జిగురు తెలుసు, అంతే" అన్నారు. దాన్నే ఒప్పుకోలుగా తీసుకున్నాను.

2. నా పేరు గురించి. ఆస్తుల కంటే ముందు ఇది చెప్పక తప్పదు.

మూడేళ్ల కిందట డాక్టరమ్మగారు నాకొక ఖాళీ కాగితం ఇచ్చారు. "ఇది ఇంట్లోంచి వచ్చే జబ్బు. మీ వాళ్లని మూడు తరాలు గీసుకురండి. మగవాళ్లకి చతురస్రం, ఆడవాళ్లకి సున్నా, పోయినవాళ్ల మీద అడ్డగీత" అన్నారు. ఒక్కతే సంతానాన్ని కనుక నా వరసలో ఒక్క సున్నా గీసి, పై వరసలు నింపడానికి పాత రికార్డులు పట్టాను. వెతకడం నా వృత్తి. పైగా ఆదివారాలు నాకు చాలా పొడుగ్గా ఉంటాయి. తాతయ్య ఏ జబ్బుతో పోయాడో చూడబోయి, ఆస్పత్రి పాత వార్డు రిజిస్టరులో మా నాన్న పేరు, మా ఇంటి నంబరు, వాటి పక్కన నా పేరు చూశాను. వయసు ఏడాదిన్నర. జ్వరం. ఆఖరి గడిలో 'మరణం' అని, కింద డ్యూటీ నర్సు పొట్టి సంతకం.

ఎవరో పొరపాటున రాశారనుకున్నాను. మా పనిలో అలాంటివి రోజూ చూస్తాం. మరుసటి వారం టీకాల రిజిస్టరు తీయించాను. అదే పేరు. ఎడమ భుజం, మచ్చ తేలినట్టు గుర్తు. రికార్డు గది పక్కనున్న బాత్‌రూములో అద్దం ముందు నిలబడి జాకెట్టు చేతులు పైకి లాగి చూసుకున్నాను. నా రెండు భుజాల మీదా ఏ మచ్చా లేదు.

రికార్డుల్లో దొరికినదీ, తర్వాత అత్తయ్య నోట జారినదీ కలిపితే, జరిగింది ఇది. నాకంటే రెండేళ్ల ముందు మా అమ్మకి ఒక ఆడపిల్ల పుట్టింది. ఆ పుట్టుక నమోదయింది. ఏడాదిన్నరకి ఆ పిల్ల పోయింది. ఆ పోవడాన్ని ఆస్పత్రి రిజిస్టరు దాటి ఎవరూ నమోదు చేయించలేదు. ఆరు నెలలకి నేను ఇంట్లోనే పుట్టాను, నన్నూ నమోదు చేయించలేదు. ఆ ఏడు మా ఇంట్లో ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక ఎవరికీ లేదనుకుంటాను. నాకు మూడేళ్లప్పుడు అమ్మకి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం వచ్చింది. అత్తయ్య అప్పటికే బట్టల కొట్టులో కుట్టుపనికి వెళ్తోంది. పగలు నన్ను చూసుకునే దిక్కు లేదు. బడిలో చేర్చుకోవాలంటే అయిదేళ్లు నిండాలి, పుట్టినట్టు కాగితం చూపాలి. ఇంట్లో ఒక కాగితం ఉంది, దానికి పిల్ల లేదు. ఒక పిల్ల ఉంది, దానికి కాగితం లేదు.

అప్పట్నుంచి అక్క పేరే నా పేరు, అక్క పుట్టినరోజే నా పుట్టినరోజు. క్లాసులో అందరికంటే పొట్టిదాన్ని; 'పిట్ట' అనేవాళ్లు. పుట్టినరోజున అమ్మ నా వెనక కూర్చుని జడ వేసేది. చాలాసేపు వేసేది, ఎంతకీ ముందుకు వచ్చేది కాదు. జుట్టు లాగుతున్నావని విసుక్కునేదాన్ని. నాన్న పోయి పన్నెండేళ్లు, అమ్మ పోయి పది. అడగడానికి ఇక అత్తయ్య తప్ప ఎవరూ లేరు.

3. మా లైబ్రరీలో ప్రతి పుస్తకానికీ ఒక నంబరు ఉంటుంది. పుస్తకం పోతే దాని నంబరు ఇంకో పుస్తకానికి ఇవ్వం. ఆ వరస అలాగే ఉంచి పక్కన 'పోయింది' అని రాస్తాం. ఇరవై రెండేళ్లుగా కొత్తగా చేరినవాళ్లకి ఈ నియమం నేర్పుతున్నది నేనే.

నా వంశవృక్షం నోటుపుస్తకాలు ఏడింటినీ లైబ్రరీకి ఇస్తున్నాను. తప్పులు దిద్దవద్దు. మొదటిదానిలో నా వరసలో ఒక్క సున్నా ఉంటుంది, ఏడోదానిలో రెండు. ఆ రెండింటిలో దేని మీద అడ్డగీత పెట్టాలో ఇప్పటికీ తేల్చుకోలేదు. నేను పోయాక సమస్య ఉండదు.

4. బతికుండగానే దీన్ని సరిచేయించుకోవచ్చా అని లాయరుగారిని అడిగాను. ఆయన నా డిగ్రీలు, ఉద్యోగపు ఉత్తర్వు, ఇంటి దస్తావేజులు బల్ల మీద వరసగా పరిచి, "ఇవన్నీ ఒక్క మేకుకి తగిలించి ఉన్నాయి మేడమ్. మేకు పీకమంటారా?" అన్నారు. పీకమనలేదు. ధైర్యం చాలకో, అంత అక్కర లేదనుకునో, ఎందుకో నాకే తెలియదు.

అందుచేత నా తదనంతరం బైండరుగారు రెండు దరఖాస్తులు పెట్టాలి. మా అక్క మరణాన్ని వార్డు రిజిస్టరులో ఉన్న తేదీతో నమోదు చేయమని ఒకటి. నా పుట్టుకను నమోదు చేయమని ఇంకొకటి. మనిషి పోయాక పుట్టుక నమోదు చేస్తారా అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. చట్టం అవునని చెప్పడం లేదు, కాదనీ చెప్పడం లేదు. పుట్టుక కళ్లారా చూసిన మనిషి ప్రమాణపత్రం ఉంటే వినవచ్చునని లాయరుగారి అభిప్రాయం. అలాంటి మనిషి అత్తయ్య ఒక్కతే. ఆవిడ ఇవ్వకపోతే రెండో దరఖాస్తు పెట్టవద్దు. అప్పుడు నేను పుట్టినట్టు ఎక్కడా ఉండదు, అంతే.

పెట్టడమే జరిగితే పేరు గడిలో 'చిన్నది' అని రాయించండి. అమ్మ నన్ను అలాగే పిలిచేది. ఒక్కదాన్నే కదా, చిన్నదాన్ని ఎలా అయ్యానని ఒకసారి అడిగితే, "నాకంటే పెద్దదానివా ఏంటి?" అంది.

5. మా నాన్న చెల్లెలు, దర్జీ పని చేసుకునే మా అత్తయ్య విషయం. తాతయ్య ఈ ఇల్లు మొత్తం కొడుక్కే ఇచ్చాడన్న బాధ ఆవిడకి నలభై ఏళ్ల నాటిది. "అన్నయ్యకి ఇల్లు, నాకు ట్రంకుపెట్టె" అని ప్రతి పెళ్లిలోనూ అంది, ప్రతి చావులోనూ అంది. ఆవిడ అన్నది నిజం. ఇప్పుడు మూడు వీధుల అవతల మేడ మీద గదిలో కుడుతోంది. ఆవిడ దగ్గర కుట్టించుకునేవాళ్లంతా ఆవిడ ఈడువాళ్లే. మెట్లెక్కలేక ఒక్కొక్కరే రావడం మానేశారు. కనుక ఈ ఇంటి వీధివైపు గదిని, దాని గుమ్మంతో సహా, సర్వహక్కులతో ఆవిడకు దఖలు పరుస్తున్నాను. అయితే నాలుగో అంశంలో చెప్పిన ప్రమాణపత్రం ఆవిడ ఇచ్చి ఉండాలి. ఇవ్వని పక్షంలో గది లేదు.

ఈ షరతు ఎందుకు పెట్టానంటే, రెండేళ్ల పాటు అడిగాను. మొదటిసారి, "ఏ రిజిస్టరో పట్టుకొచ్చి పోయినవాళ్లని లేపుతావేంటే" అంది. రెండోసారి కుట్టుమిషను ఆపనే లేదు. మూడోసారి దారం పళ్లతో తెంపి, "నిన్ను బడికి తీసుకెళ్లింది నేనే. పిల్లకి అయిదేళ్లని చెప్పు అంది మీ అమ్మ, చెప్పాను. ఇప్పుడు నిజం చెప్పమంటున్నావు నువ్వు. నా నోరేమైనా మీ ఇంటి సొత్తా?" అంది. అప్పట్నుంచి ఏడాదిగా మా ఇద్దరికీ మాటల్లేవు. ఆవిడ కుట్టిన బట్టలే వేసుకుంటున్నాను. వేరేవాళ్లు కుడితే నాకు భుజాల దగ్గర సరిపోవు.

6. చిన్న చిన్న వస్తువులు.

నా బల్ల మీది ఫోటో: స్టూడియోలో చెక్కగుర్రం మీద కూర్చున్న పసిపిల్ల. నలభై ఏళ్లు అది నేనే అనుకున్నాను. వచ్చినవాళ్లకి చూపించి, "ఆ బుగ్గలేవీ ఇప్పుడు?" అనిపించుకున్నాను కూడా. అది మా అక్క. నన్ను సాగనంపేటప్పుడు దాన్ని నా చేతిలో పెట్టండి. నా పసితనపు ఫోటో అంటూ ఏదీ లేదు, వెతకవద్దు.

డాక్టరమ్మగారికి నా భూతద్దం ఇప్పటికే చేతికిచ్చేశాను. ఆవిడ చేతిరాత ఆవిడే చదువుకోవడానికి.

బైండరుగారికి నా రాతబల్ల. "మీ బల్ల ఎత్తు బాగుందమ్మా" అని పదిహేనేళ్లలో రెండుసార్లు అన్నారు. ఆయన ఏ మాటైనా రెండుసార్లు అనడం నేనెరగను.

7. నేను ఉంటున్న వెనకవైపు వాటా, ఇంకా మిగిలినవన్నీ యూనివర్సిటీ లైబ్రరీకి చెందాలి. తమవాళ్లని రికార్డుల్లో వెతుక్కోవడానికి బయటి నుంచి వచ్చేవాళ్లు అందులో దిగాలి. అలా వచ్చినవాళ్లు సాయంత్రమయ్యేసరికి, ఎవరితోనూ చెప్పుకోలేని సంగతి ఒకటి తెలుసుకుని బస్టాండు బెంచీ మీద కూర్చుంటారు. నాకు ఇక్కడే ఇల్లుండి కూడా నేను కూర్చున్నాను, ఆఖరి బస్సు పోయేదాకా. ఆ వాటాలో రెండు కుర్చీలు వేయండి. పై అంశాల్లో ఏది చెల్లకపోయినా ఆ ఆస్తి కూడా ఈ ఏడో అంశంలోనే కలుస్తుంది.

సంతకాలకు ముందు చేర్చినది

ఈ రోజు ఉదయం లాయరుగారి ఆఫీసులో ఈ కాగితాన్ని అందరి ముందూ చదివాను. అయిదో అంశం వినడానికని అత్తయ్యని కబురుపెట్టి పిలిపించారు. మెడలో కొలత టేపు తీయకుండానే వచ్చింది. అంతా విని, "గది పుచ్చుకుని చెబితే అది సాక్ష్యం కాదే, బేరం" అంది. నేను కాగితం మీద నుంచి తలెత్తలేకపోయాను. ఆ షరతు రాసేటప్పుడు తెలివైన పని చేస్తున్నాననుకున్నాను.

మొదటి సాక్షిగా డాక్టరమ్మగారు ఉన్నారు. రెండో సాక్షిగా లాయరుగారు తన గుమస్తాను పిలవబోతుంటే అత్తయ్య పెన్ను అడిగింది. సాక్షిగా సంతకం పెట్టినవాళ్లకి ఆ వీలునామా కింద ఏదీ ముట్టదని ఆయన రెండుసార్లు చెప్పారు. "వినపడింది బాబూ. నాకు అరిగింది మోకాళ్లే, చెవులు కాదు" అంది. గదిని విడిగా ఇప్పుడే రాసిస్తానన్నాను. దానికీ ఒప్పుకోలేదు. "కొట్టెయ్యవే" అంది.

అందుచేత అయిదో అంశాన్ని అడ్డగీత కొట్టి తొలగించాను, పక్కన నా పొట్టి సంతకం ఉంది. గీత కింద అక్షరాలు కనబడేలాగే ఉంచాను. ఆవిడతో నేను బేరమాడిన సంగతి చెరిగిపోకూడదు. గది ఏడో అంశంలో కలుస్తుంది.

ఆ తర్వాత ఆవిడ వేరే కాగితం తీసుకుని ప్రమాణపత్రం రాసింది. అసలు ప్రతి మూసిన కవరులో జతగా ఉంది. ఆవిడ అనుమతితో ఆ మాటలు ఇక్కడ ఎక్కిస్తున్నాను:

"చిన్నది పుట్టినప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను. శుక్రవారం పొద్దున, కొళాయి వచ్చే వేళ. తేదీ గుర్తు లేదు. పుట్టగానే ఏడవలేదు, నర్సమ్మ వీపు మీద తడితే ఏడ్చింది. అప్పటికి ఇంట్లో అందరూ పెద్దదాని కోసం ఏడ్చి ఏడ్చి ఉన్నారు. మా వదిన గోడవైపు తిరిగి పడుకుంది. మా అన్నయ్య గుమ్మం బయటే ఉండిపోయాడు. ఆ రోజు దీన్ని ఎవరూ సరిగ్గా చూడలేదు. నేను చూశాను."

తేదీ: 2024 మార్చి 14

కాగితాల్లో ఉన్న పేరుతో: (సంతకం)
అదే చేత్తో: చిన్నది

మా ఇద్దరి ఎదుట, ఒకేసారి, ఆవిడ పై రెండు సంతకాలూ చేయగా చూసిన సాక్షులు:

1. (సంతకం) వైద్యురాలు
2. (సంతకం) దర్జీ, రాసిన మనిషికి మేనత్త